వాన... గంట... మూడు స్వరాలు!

బ్లాక్ సబ్బత్ తొలి ఎల్.పి. మళ్లీ విన్న వేళ

దయ్యం సినిమాకి డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కుని, రెండున్నర గంటలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుని, ఇంటికొచ్చాక పెరట్లోకి వెళ్లడానికి తోడు పిలిచే శూరులు మీలో ఎంతమంది? చేతులెత్తనక్కర్లేదు లెండి. అందరం ఆ బాపతే! చీకట్లో కూర్చుని హాయిగా భయపడ్డంలో ఉన్న మజా అలాంటిది.

ఈ కిటుకు పట్టుకుని, దాని మీద ఓ కొత్త సంగీతాన్నే కట్టేసిన నలుగురు కుర్రాళ్ల కథ ఇది. వాళ్ల మొదటి రికార్డు కథ కూడా.

పేరు పెట్టింది సినిమా!

1969. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం. ఫ్యాక్టరీలు, పొగగొట్టాలు, ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. ఆ నగరంలో ఆస్టన్ అనే కార్మికుల పేటలో పుట్టి పెరిగిన నలుగురు కుర్రాళ్లు ‘ఎర్త్’ అనే పేరుతో ఓ బృందం నడుపుతున్నారు. వాయించేది బ్లూస్. వచ్చేది అరకొర డబ్బు. అంతలో మరో చిక్కొచ్చిపడింది. అదే పేరుతో వేరే బృందం ఒకటుందని తేలింది. పేరు మార్చక తప్పదు.

వాళ్లు రిహార్సల్ చేసుకునే గదికి ఎదురుగా ఓ సినిమా హాలుండేది. అందులో ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన 1963 నాటి భయానక చిత్రం ఆడుతోంది. మూడు విడివిడి కథల సినిమా అది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ భూతంగా లోకాన్ని హడలగొట్టిన బోరిస్ కార్లోఫ్ అందులో ఉన్నాడు. ఇటలీలో దాని పేరుకి ‘భయానికి మూడు ముఖాలు’ అని అర్థం. ఇంగ్లీషులో విడుదల చేసినవాళ్లు ‘బ్లాక్ సబ్బత్’ అని మార్చారు. హాలు ముందు జనం బారులు తీరి ఉండటం చూసి మనవాళ్లకి ఓ ఆలోచన తట్టింది. భయపడ్డం కోసం జనం ఇంత ఎగబడుతుంటే, భయపెట్టే పాట ఒకటి మనమెందుకు కట్టకూడదు? ఈ ముచ్చట వాళ్లే తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు.

అంతే! ముందు పాట పుట్టింది. పాటకి ఆ సినిమా పేరే పెట్టారు. ఆ తర్వాత పాట పేరే బృందానికి పేరైంది. తొలి రికార్డుకీ అదే పేరు. సినిమా, పాట, బృందం, రికార్డు... నాలిగింటికీ ఒకే పేరు! ప్రపంచ సంగీతంలో ఇంతటి పొదుపు ఇంకెక్కడైనా ఉందో లేదో మరి.

గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్. గిటార్ టోనీ అయోమీ. బేస్ గిటార్ గీజర్ బట్లర్. డ్రమ్స్ బిల్ వార్డ్. రికార్డింగు నాటికి అయోమీకీ, వార్డ్‌కీ 21 ఏళ్లు. ఆజీకీ, బట్లర్‌కీ ఇంకా 20 మాత్రమే. అంటే మన దగ్గర డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, కాలేజీ యాన్యువల్ డేకి పాటలు ప్రాక్టీసు చేసే వయసన్నమాట.

తెగిన వేళ్లు, సబ్బు సీసా

నలుగురిలో టోనీ అయోమీ కథ వింటే, ఇదేదో సినిమా కోసం అల్లిన కథేమో అనిపిస్తుంది. కానీ అక్షరాలా జరిగింది.

1965లో అతనికి 17 ఏళ్లు. ఇనప రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని. ఓ బృందంతో కలిసి యూరప్‌కి కచేరీలకి వెళ్లే అవకాశం వచ్చింది. ఉద్యోగానికి నమస్కారం పెట్టేశాడు. ఆ రోజే ఆఖరి డ్యూటీ. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్లనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఒప్పుకున్న పని సగంలో వదలకూడదంది. సరేనని వెళ్లాడు. ఆ పూట రేకులు వంచే మరమీద పనిచేసే మనిషి రాలేదు. అలవాటు లేని ఆ మరమీద ఇతన్ని నిలబెట్టారు. మర పైనుంచి దిగింది. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు... రెండిటి కొసలూ తెగిపోయాయి.

కుడిచెయ్యే కదా అనుకోకండి. అయోమీ ఎడమచేతివాటం మనిషి. తీగలు మీటేది ఎడమచేత్తో. మెట్ల మీద తీగల్ని నొక్కాల్సింది కుడిచేత్తో. అంటే పోయినవి స్వరాలు పలికించే వేళ్లే!

ఇక గిటార్ మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. కుర్రాడు దిగులుతో మంచం పట్టాడు. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో అతని పైఅధికారి ఒకాయన ఓ రికార్డు పట్టుకుని ఇంటికొచ్చాడు. ముందు వినమన్నాడు. వినిపించాక అసలు సంగతి చెప్పాడు. ఆ వాయించినాయన జాంగో రైన్‌హార్ట్. 1928లో అగ్నిప్రమాదంలో చెయ్యి కాలిపోయి, రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయినా జాజ్ గిటార్‌లో మేటి అనిపించుకున్న విద్వాంసుడు.

అయోమీ లేచి కూర్చున్నాడు. గిన్నెలు తోముకునే సబ్బు ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసా కరిగించాడు. ఉండలు చేసి, వేళ్లకి సరిపడేలా తొలిచి, అరగదీసి, పాత తోలుకోటు ముక్కలు కత్తిరించి పైన అతికించాడు. అవే అతని కొత్త వేలికొసలు! మామూలు తీగలు ఆ తొడుగులతో వంచలేక, సన్నగా ఉండే బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి బిగించాడు. చాకచక్యమైన వేలి పరుగులు కష్టమయ్యాయి కాబట్టి రెండేసి స్వరాలు కలిపి బరువుగా, నిబ్బరంగా వాయించడం అలవాటు చేసుకున్నాడు.

తర్వాత్తర్వాత, 1971లో వచ్చిన మూడో రికార్డు నుంచి, తీగల్ని వదులు చేసి శ్రుతి ఇంకా కిందికి దించాడు. ఈనాడు హెవీ మెటల్ అని మనం పిలిచే సంగీతానికి ఆ బరువు అక్కడినుంచే వచ్చింది. ఎవరో పండితుడు సిద్ధాంతం రాసి పెట్టింది కాదు. సబ్బు సీసా నుంచి వచ్చింది!

మిగతా ముగ్గురూ పూలపాన్పు మీంచి దిగినవాళ్లేం కాదు. ఆజీ కబేళాలో పనిచేశాడు. కారు హారన్లు శ్రుతి చూసే పని చేశాడు. చిల్లర దొంగతనం కేసులో జరిమానా కట్టలేక కొన్ని వారాలు జైల్లోనూ ఉన్నాడు. బట్లర్ ఓ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడం నేర్చుకుంటున్నాడు. అతను అంతకుముందు రిథమ్ గిటార్ వాయించేవాడు. ఈ బృందంలోకి వచ్చాకే బేస్ పట్టుకున్నాడు. అందుకే అతని బేస్ వెనకాల ఒద్దికగా నడవదు. గిటార్‌తో భుజం భుజం రాసుకుని నడుస్తుంది. ఉన్నది ఒక్క గిటార్ అయినా రెండున్నట్టు వినిపించడానికి కారణం అదే.

ఒక్కరోజులో అయిపోయింది!

ఇప్పుడు మన హీరోల సినిమాలకి పాటలు ఎలా తయారవుతున్నాయో మీకు తెలుసు. గాయకుడు ఓ ఊళ్లో, గిటార్ మరో ఊళ్లో, తాళం కంప్యూటర్లో. నెలల తరబడి చెక్కుతారు. తప్పులేదు. కానీ ఈ రికార్డు సంగతి వినండి.

1969 అక్టోబరు 16. లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియో. నాలుగు ట్రాకుల యంత్రం. చేతిలో ఉన్న వ్యవధి రెండు రోజులు. అందులో ఒకరోజు మిక్సింగుకే పోతుంది. మిగిలింది ఒక్కటే రోజు! నిర్మాత రోజర్ బెయిన్, ఇంజనీరు టామ్ అలమ్. ఆజీని ఓ చిన్న గదిలో నిలబెట్టారు. మిగతా ముగ్గురూ క్లబ్బులో వాయించినట్టే వాయించారు. చాలా పాటలకి రెండో టేకు కూడా లేదు. ఒక పాట అయ్యేసరికి అయోమీ గిటార్ పికప్ చెడిపోయింది. బాగుచేయించే తీరిక ఎక్కడిది? జాగ్రత్త కోసం తెచ్చుకున్న రెండో గిటార్, గిబ్సన్ ఎస్.జి., తీసి మిగతావన్నీ దాంతోనే కానిచ్చేశాడు. తర్వాత జీవితమంతా అతని చేతిలో అదే జాతి గిటార్!

నాలుగు పన్నెండులు నలభై ఎనిమిది... అలా లెక్క చూసుకుంటే నలుగురి ఒక్కరోజు కష్టం. ఆ ఒక్కరోజు వెనక వందలాది రాత్రుల క్లబ్బు కచేరీలున్నాయన్నది వేరే సంగతి. అయోమీ 1968 చివర్లో కొద్దివారాలు ‘జెత్రో టల్’ బృందంలో చేరి వచ్చాడు. రోలింగ్ స్టోన్స్ వాళ్లు తీసిన ‘రాక్ అండ్ రోల్ సర్కస్’ చిత్రంలో ఆ బృందంతో కనిపిస్తాడు కూడా. 1968 డిసెంబరులో తీసిన ఆ చిత్రం 1996 దాకా బయటికి రాలేదు. ఆ కొద్దిరోజుల్లో అతను నేర్చుకున్నది ఒకటే: ఉద్యోగానికి వెళ్లినట్టు పొద్దున్నే లేచి రిహార్సల్‌కి వెళ్లడం. తిరిగొచ్చి ఈ ముగ్గురినీ అలాగే లేపాడు.

ప్రతి మధ్యమమా? సైతానా?

ఇంతకీ అసలు పాటకొద్దాం. రికార్డు మొదలవగానే సంగీతం లేదు. వాన. ఎక్కడో ఉరుము. దూరంగా చర్చి గంట. ఇవి బృందం వాయించి వెళ్లిపోయాక నిర్మాత వాళ్లు కలిపిన శబ్దాలు. సినిమా నేపథ్య సంగీతంలాగే!

నేను దీన్ని మొదటిసారి విన్నది ఇంటర్ చదివే రోజుల్లో. ఇంటర్నెట్ సెంటర్లో డబ్బులిచ్చి సీడీ రాయించుకుని, ఇంట్లో టేప్‌రికార్డర్ పక్కన కొత్తగా చేరిన సీడీ ప్లేయర్లో పెట్టాను. అరనిమిషం గడిచిందో లేదో, వంటింట్లోంచి మా నాయనమ్మ కేకేసింది.

“ఒరే, వానొస్తోందిరా! మేడమీద వడియాలున్నాయి, తియ్యి!”

“వాన కాదు నాయనమ్మా, పాట!”

“పాటేవిట్రా నీ మొహం! ఉరుము వినబడుతుంటేనూ!”

అంతలో గిటార్ దిగింది. ఆ దెబ్బకి నాయనమ్మ వడియాల సంగతి మర్చిపోయి, గుమ్మంలో నిలబడి నావంక అదోలా చూసింది. శబ్దం విషయంలో ఆ రికార్డుకి నేను విన్న మొదటి రివ్యూ అదే. ఇంతవరకూ అంతకంటే మంచి రివ్యూ చదవలేదు.

ఆ గిటార్ పలికేది మూడే మూడు స్వరాలు. మొదటిది షడ్జమం. రెండోది పై షడ్జమం. అక్కడినుంచి కిందికి దిగి, పంచమానికి ఒక్క మెట్టు కింద ఆగిపోతుంది. రెండోసారి ఆ మూడో స్వరాన్ని వణికిస్తాడు అయోమీ. మెట్లెక్కి తలుపు దాకా వచ్చి, తలుపు తీయకుండా అక్కడే నిలబడ్డ మనిషిలా ఉంటుంది ఆ స్వరం. లోపలికి రాదు, వెనక్కి పోదు. అదీ భయం!

ఈమధ్య వయొలిన్ నేర్పే మాస్టారొకాయనకి ఇది వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, “ఇందులో భయపడ్డానికేముందయ్యా? ఇది మన ప్రతి మధ్యమమేగా!” అన్నారు తాపీగా.

నిజమే! షడ్జమానికీ ఆ స్వరానికీ ఉన్న దూరానికి పాశ్చాత్య సంగీత శాస్త్రంలో ‘సంగీతంలో సైతాను’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరొకటి ఉంది. పూర్వం చర్చి దీన్ని నిషేధించిందని కూడా చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ. చెవికి ఇంపుగా ఉండదని స్వరకర్తలు దాన్ని జాగ్రత్తగా వాడేవారు, అంతే. మన దగ్గరో? 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 36, ప్రతి మధ్యమంతోనే ఉన్నాయి. పెళ్లిళ్లలో నాదస్వరం మీద మోగే కల్యాణిలో ఉన్నదీ అదే స్వరం! వాళ్లకి సైతాను, మనకి కల్యాణి. స్వరం ఒకటే. చుట్టూ ఉన్న స్వరాలు వేరు, నడక వేరు. కల్యాణిలో ఆ మధ్యమం ఇరుగుపొరుగుతో కలిసి నడుస్తుంది. ఇక్కడ ఒంటరిగా నిలబడుతుంది. మాస్టారు చెప్పాక ఈ పాట మళ్లీ వింటే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఎందుకు భయమేస్తోందో తెలిసింది, అంతే.

అయోమీకి ఈ స్వరాలు తట్టడానికి ముందు బట్లర్ తన బేస్ మీద ఓ బాణీ వాయిస్తూ ఉండేవాడట. గుస్తావ్ హోల్స్ట్ రాసిన ‘గ్రహాలు’ అనే ప్రఖ్యాత వాద్యబృంద రచనలో కుజగ్రహం భాగం అది. ఇక్కడ మన పాఠకులకో విశేషం. ఈ హోల్స్ట్ మహాశయుడు సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలకి బృందగానం కట్టినవాడు. మన సావిత్రీ సత్యవంతుల కథని ‘సావిత్రి’ పేరుతో ఓ చిన్న సంగీత నాటకంగా రాసినవాడు కూడా! ప్రపంచం ఎంత చిన్నదో చూశారా!

పాటలోని కథ కూడా బట్లర్‌దే. గది గోడలకి నల్లరంగు వేసుకుని, మంత్రతంత్రాల పుస్తకాలు చదువుతున్న రోజుల్లో, ఓ రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం కాళ్ల దగ్గర నల్లటి ఆకారం నిలబడి ఉందట. హడలిపోయి ఆజీకి చెప్పాడు. ఆజీ దాన్ని పాట చేశాడు. ఈ పాటలో మనిషి దయ్యాన్ని పొగడ్డు. కాపాడమని దేవుణ్ణి వేడుకుంటాడు. సైతాను భక్తులని లోకం ఆడిపోసుకున్న ఈ నలుగురి మెడల్లో వేలాడినవి సిలువలు. ఆ సిలువలు లోహంతో చేసి ఇచ్చింది ఎవరో తెలుసా? ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసే ఆజీ తండ్రి!

మొదటి వైపు... రెండో వైపు...

రెండో పాట ‘ది విజర్డ్’. ఆజీ మౌత్ ఆర్గాన్ అందుకుంటాడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలోని గాండాల్ఫ్ అనే మాంత్రికుడు దీనికి ప్రేరణ అని బట్లర్ చెప్పాడు. ఆ నవల సినిమాగా మన హాళ్లకి రావడానికి 30 ఏళ్ల ముందే పాటగా వచ్చిందన్నమాట. ఇక్కడ బిల్ వార్డ్ డ్రమ్స్ జాగ్రత్తగా వినండి. జీన్ క్రూపా లాంటి జాజ్ డ్రమ్మర్లని ఆరాధిస్తూ పెరిగినవాడు వార్డ్. గిటార్ ఎంత బరువుగా అడుగేసినా, అతని చేతులు మాత్రం దానికింద చిలిపిగా ఊగుతూనే ఉంటాయి. తర్వాత వచ్చిన మెటల్ బృందాలు చాలావరకు ఆ బరువు పట్టుకున్నాయి. ఆ ఊపు వదిలేశాయి.

మూడోది ‘బిహైండ్ ది వాల్ ఆఫ్ స్లీప్’. అమెరికా భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథ పేరుని కాస్త అటూఇటూ చేసి పెట్టుకున్నారు.

నాలుగోది నాకు ప్రాణం. ‘ఎన్.ఐ.బి.’ బట్లర్ ఒంటరి బేస్‌తో మొదలై, ఒక్కసారిగా నలుగురూ కలిసి దూకుతారు. పేరు చూసి ఏవేవో సైతాను సంకేతాలు వెతికారు జనం. అసలు సంగతి వింటే నవ్వొస్తుంది. వార్డ్ గడ్డం కలం పాళీలా మొనదేలి ఉండేదట. అందుకని వాణ్ణి ‘నిబ్’ అని ఆటపట్టించేవారు. ఆ మూడక్షరాల మధ్య చుక్కలు పెట్టేసరికి గొప్ప రహస్యమైపోయింది! పాటలో సైతానే ఓ అమ్మాయిని ప్రేమించి, మారిపోతానంటాడు. రౌడీ హీరో ప్రేమలో పడి మంచివాడయ్యే మన సినిమా ఫార్ములా కాదూ!

ఇక రికార్డు తిప్పి రెండో వైపు పెడితే... ఉన్నమాట చెప్పాలి. అభిమానం కొద్దీ ఇందులో అన్నీ ఆణిముత్యాలే అని రాస్తే మీరే నన్ను తిట్టుకుంటారు. ‘ఈవిల్ వుమన్’ వీళ్ల సొంత పాట కాదు. ‘క్రో’ అనే అమెరికా బృందానిది. మార్కెట్ కోసం పెట్టమన్నారు, పెట్టారు. అలాగే వినిపిస్తుంది. ‘స్లీపింగ్ విలేజ్’ మొదటి భాగం పొద్దుటి మంచులా బాగుంటుంది. చివరిది ‘వార్నింగ్’. ఇదీ అరువు పాటే. పది నిమిషాలకి పైగా సాగుతుంది. మధ్యలో అయోమీ గిటార్ ఒంటరిగా దారితప్పి తిరుగుతుంటే, ఇంటర్వెల్ తర్వాత కథ సాగదీసిన సినిమాలా ఒకటి రెండుసార్లు వాచీ చూసుకుంటాం.

అయినా నాకిప్పుడు ఆ దారితప్పడం కూడా ఇష్టంగానే ఉంది. ఆ ఘట్టంలో ఓ 21 ఏళ్ల కుర్రాడు, ప్లాస్టిక్ కొసలతో, ఇంకో అవకాశం వస్తుందో రాదో తెలియక, తనకొచ్చిందంతా ఒక్కసారే వాయించేసుకుంటున్నాడు. కత్తిరించి ముద్దుగా చేసిన రికార్డులో ఆ ఆత్రం మనకి దొరకదు.

అట్టమీది అమ్మాయి

ఈ రికార్డు అట్ట గురించి చెప్పకపోతే సినిమా పత్రిక పాఠకులకి అన్యాయం చేసినట్టే. పాత నీటిమర. ఎండిన చెట్లు. రంగులు విరిగినట్టున్న ఆకాశం. ముందర నల్లటి అంగీలో ఓ అమ్మాయి. నిలబడి మనవంకే చూస్తోంది. పాటలోని ఆ ఆకారమే వచ్చి అట్టమీద నిలబడిందా అనిపిస్తుంది.

తీసింది కీత్ మెక్‌మిలన్. ‘కీఫ్’ అని పేరు. ఆ స్థలం ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న మేపల్‌డరమ్ నీటిమర. పరారుణ కాంతిని పట్టే ప్రత్యేకమైన ఫిల్ము వాడి, తెల్లవారుజామున చలిలో ఈ బొమ్మ తీశారు. అసలామె మనిషేనా, దయ్యమా అని అభిమానులు ఎన్నో కథలల్లుకున్నారు. చివరికి 2020లో, రికార్డుకి 50 ఏళ్లు నిండిన సందర్భంలో, ఆ మోడల్ స్వయంగా పత్రికలవాళ్లతో మాట్లాడింది. ఆమెకి గట్టిగా గుర్తున్నది విపరీతమైన చలి!

అట్ట లోపలివైపు మాత్రం కంపెనీవాళ్లు తలకిందులు సిలువ ఒకటి ముద్రించారు. బృందానికి మాటమాత్రం చెప్పలేదట. సైతాను బృందం అన్న ముద్ర గట్టిపడటానికి అదో కారణం. అన్నట్టు, ఆ నీటిమర ఇప్పటికీ ఉంది. 1976లో వచ్చిన ‘ది ఈగిల్ హ్యాజ్ లాండెడ్’ యుద్ధ చిత్రంలో ఓ ముఖ్యమైన ఘట్టం అక్కడే జరుగుతుంది. ఈసారి ఆ సినిమా చూస్తే గుర్తుపట్టండి.

రివ్యూలు వద్దన్నాయి, జనం కొన్నారు

1970 ఫిబ్రవరి 13న రికార్డు విడుదలైంది. ఆ రోజు శుక్రవారం. 13వ తేదీ శుక్రవారం వస్తే పాశ్చాత్యులకి మహా అపశకునం. కావాలనే ఆ రోజు పెట్టారు. మన వాళ్లు అమావాస్యనాడు ముహూర్తం పెట్టినట్టు!

విమర్శకులు చీల్చి చెండాడారు. ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో లెస్టర్ బాంగ్స్, ‘క్రీమ్’ బృందానికి నాసిరకం నకలన్నట్టు తీసిపారేశాడు. కానీ రికార్డు ఇంగ్లండు పట్టికలో 8వ స్థానం దాకా ఎగబాకింది. అమెరికాలో జూన్‌లో విడుదలై 23వ స్థానం చేరి, ఏడాదికి పైగా పట్టికలోనే తిష్ఠవేసింది. రివ్యూలు ఫ్లాపన్న సినిమా వంద రోజులాడటం మనకి కొత్తేం కాదుగా!

ఎందుకు కొన్నారు? నాకు తోచింది చెబుతాను. ఆ కాలపు రాక్ సంగీతమంతా పువ్వులు, ప్రేమ, శాంతి అంటోంది. ఆస్టన్ పేటలో యుద్ధకాలపు బాంబులకి కూలిన ఇళ్ల శిథిలాల మధ్య ఆడుకుని, పొద్దున్నే ఫ్యాక్టరీ కూత విని లేచే కుర్రాళ్లకి ఆ పువ్వులు ఎక్కడ కనబడతాయి? వాళ్లకి తెలిసిన శబ్దం మర చప్పుడు. వాళ్లకి తెలిసిన భయం, నాన్నలాగే తామూ ఆ మర ముందు ముసలివాళ్లైపోతామన్న భయం. ఈ రికార్డు ఆ భయానికి దయ్యం వేషం వేసింది. వేషం చూసి విమర్శకులు వెక్కిరించారు. లోపలున్న భయాన్ని గుర్తుపట్టి కుర్రకారు కొనుక్కుంది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన రెండో రికార్డు ‘పారనాయిడ్’ ఇంగ్లండులో ఏకంగా ఒకటో స్థానం కొట్టింది.

పాటల లెక్కన చూస్తే ఆ రెండోదే గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఈ మొదటిదే నా చేతికొస్తుంది. రెండోదానిలో వాళ్లకి తామేమిటో తెలుసు. ఇందులో ఇంకా తెలియదు. మనం వింటుండగానే తెలుసుకుంటున్నారు.

మళ్లీ సొంత పేటలో

తర్వాత కథ సాఫీగా సాగలేదు. డబ్బు, తాగుడు, మాదకద్రవ్యాలు, తగాదాలు... 1979లో ఆజీని బృందం బయటికి పంపేసింది. విడిపోయారు, కలిశారు, మళ్లీ విడిపోయారు. 2012లో మిగతా ముగ్గురూ కలిసినప్పుడు కాంట్రాక్టు దగ్గర మాట కుదరక బిల్ వార్డ్ దూరంగా ఉండిపోయాడు. ఆ ‘నిబ్’ లేని బృందం అభిమానులకి ఉప్పులేని కూరే అయింది.

2023లో ఓ చిత్రం జరిగింది. బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే వాళ్లు వీళ్ల పాటలతో ఏకంగా ఓ నృత్య ప్రదర్శన చేశారు! ఒకప్పుడు పెద్దమనుషులు చెవులు మూసుకున్న సంగీతానికి పెద్దమనుషుల వేదిక మీద నాట్యం!

ఇక 2025 జూలై 5. ఆస్టన్‌లోని విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానం. చిన్నతనంలో ఆజీ మ్యాచ్ రోజుల్లో అక్కడికొచ్చేవాళ్ల కార్లకి కాపలా కాసి చిల్లర సంపాదించుకున్న చోటు. అక్కడే ఆఖరి కచేరీ. వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ వ్యాధి కోసం పనిచేసే సంస్థకీ, పిల్లల ఆసుపత్రికీ, పిల్లల హాస్పిస్‌కీ. నలుగురూ వచ్చారు, వార్డ్‌తో సహా. నిలబడలేని ఆజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. వాళ్లు కలిసి వాయించింది నాలుగే పాటలు. అందులో ఒకటి ఆ ఒక్కరోజు రికార్డింగులోని ‘ఎన్.ఐ.బి.’ 77 ఏళ్ల అయోమీ వేళ్లకి అవే తొడుగులు. సరిగ్గా పదిహేడు రోజులకి, జూలై 22న, ఆజీ కన్నుమూశాడు. వయసు 76.

ఆ వారమంతా వార్తల్లో ఆజీ అంటే వేదికమీద గబ్బిలం తల కొరికిన మనిషే. నిజమే, 1982లో ఆ పనీ చేశాడు. కానీ నాకు ఈ రికార్డులో గొంతు వినాలనిపించింది. ఏ గురువు దగ్గరా సాధన చేయని గొంతు. తీయదనం లేదు, గమకం లేదు. చీకట్లో నిజంగా ఏదో చూసిన పిల్లవాడి కంగారు ఉంది. ఆ కంగారు నటన కాదు.

మీకూ వినాలనుంటే ఓ చిన్న సలహా. ఫోన్లో వరస కలిపేసి, నచ్చిన పాట ఒక్కటే ఏరుకోకండి. రాత్రి భోజనాలయ్యాక, దీపం తగ్గించి, మొదటి పాట నుంచి వరసగా పెట్టండి. రెండో వైపు మొదట్లో ‘ఈవిల్ వుమన్’ ఉంటే అది ఇంగ్లండు వరస. అమెరికా ప్రతిలో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ అనే సొంత పాట ఉంటుంది. వీలుంటే అదీ వినండి, బాగుంటుంది.

మేడమీద వడియాలుంటే మాత్రం ముందే తీసేయించండి. లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడతారు!